స్పెయిన్ స్కూల్లో ఇంగ్లీష్ అసిస్టెంట్‌గా ఎనిమిది నెలలు: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ డబ్బు తక్కువని కాదు, దాని సంగతి కింద వస్తుంది. తెలిసినవాళ్ళలో కనీసం పదిమంది "స్పెయిన్‌లో ఆ స్కూల్ పని ఎలా ఉంది, నన్ను అప్లై చెయ్యమంటావా" అని విడివిడిగా అడిగారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పి మిగతాది మర్చిపోతున్నాను కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నాను.

ఈ పనిని అక్కడ అవుక్సిలియార్ దె కొన్వెర్సాసియోన్ అంటారు. మాట్లాడించడానికి సాయం చేసే మనిషి అన్నమాట. టీచర్ కాదు, టీచర్ పక్కన నిలబడే మనిషి. స్పెయిన్ విద్యాశాఖ, అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాలు కలిసి నడిపే కార్యక్రమం ఇది, ఇంగ్లీష్ సొంత భాషలా మాట్లాడే బయటి దేశాల వాళ్ళని ఏరి అక్కడి స్కూళ్ళకి పంపుతారు. డిగ్రీ అయిపోయినవాళ్ళూ, డిగ్రీ చివరి సంవత్సరాల్లో ఉన్నవాళ్ళూ పెట్టుకోవచ్చు. ఏయే దేశాల పాస్‌పోర్టులు ఉన్నవాళ్ళు అర్హులో ఏటా వచ్చే ప్రకటనలో జాబితా ఉంటుంది, అది మారుతుంటుంది కూడా, అందుకని ఇంకేం చదివే ముందైనా ఆ ఏడాది జాబితా తెరిచి మీ దేశం పేరు ఉందో లేదో చూసుకోండి. మామూలుగా అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా పని. ప్రాంతాన్ని బట్టి వారానికి 12 నుంచి 16 గంటలు, నెలకి 700 నుంచి 1000 యూరోలు. నాకు 14 గంటలు, 800 యూరోలు. ఆరోగ్య బీమా వాళ్ళే చేయిస్తారు. విమానం టికెట్టూ, ఇల్లూ మనమే చూసుకోవాలి.

ఇంకో విషయం మొదట్లోనే తెలియాలి. ఇది ఉద్యోగం కాదు, చేతికొచ్చేది జీతం కాదు, స్టైపెండ్. మీరు వెళ్ళేది స్టూడెంట్ వీసా మీద. అక్కడ ఉద్యోగులకుండే కాంట్రాక్టు, పెన్షన్ లెక్కలు మనకి రావు. నేను ఇది చదివి కూడా సరిగ్గా మనసుకి పట్టించుకోలేదు, "వారానికి 14 గంటలే కదా, మిగతా టైంలో ఇంకేదైనా పని దొరుకుతుందిలే" అనుకుని వెళ్ళాను. అలా అనుకోకండి. విడిగా పిల్లలకి ట్యూషన్లు చెప్పమని ఊళ్ళోవాళ్ళు అడుగుతారు, నన్నూ మొదటి వారంలోనే ముగ్గురు తల్లులు స్కూల్ గేటు దగ్గర ఆపి అడిగారు, కానీ మీ వీసా దేనికి ఒప్పుకుంటుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఊ అనండి.

డబ్బు గురించి సూటిగా చెప్పాలంటే, చిన్న ఊళ్ళో 800తో హాయిగా బతకొచ్చు, మాడ్రిడ్‌లో 1000తో లెక్కలు వేసుకుంటూ బతకాలి. నేను ఉన్నది స్పెయిన్ దక్షిణాన ఆందలూసియా ప్రాంతంలో, హాయెన్ జిల్లాలో ఊబెదా పట్టణానికి బస్సులో వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న ఒక చిన్న ఊరు. ముగ్గురం కలిసి ఉన్న ఇంట్లో నా గదికి అద్దె 220 యూరోలు, కరెంటు, నీళ్ళు వేరే. వారం సరుకులకి 35 నుంచి 40. నెలాఖరుకి చేతిలో 200 దాకా మిగిలేది, దానితోనే గ్రనాదా, కోర్దొబా, సెవియ్యా అన్నీ తిరిగాను. మాడ్రిడ్‌లో ఉన్న నా తోటి అసిస్టెంట్ గదికే సగం డబ్బు పోసేది, మిగతా సగంలో ఏం మిగులుతుంది చెప్పండి. కాకపోతే మొదటి రెండు నెలలూ ఎక్కడైనా కష్టమే. అక్టోబర్‌లో దిగగానే అద్దె, అద్దెకి సమానంగా డిపాజిట్, దుప్పట్లు, ఫోన్ సిమ్, కార్డుల ఫీజులు అన్నీ ఒకేసారి మీద పడతాయి, మొదటి స్టైపెండ్ నా చేతికొచ్చేసరికి నవంబర్ చివరి వారం. కనీసం రెండు వేల యూరోలు మీవి మీ దగ్గర లేకుండా బయలుదేరకండి. అప్పు చేసి వెళ్ళే పని కాదిది, ఆ అప్పు ఎనిమిది నెలల్లో తీరదు.

కాగితాల పని చాలామందిని బెదరగొడుతుంది, నిజానికి అది కష్టమైనది కాదు, ఓపిక కావాల్సింది. శీతాకాలంలో అప్లికేషన్లు తెరుచుకుంటాయి, ప్రొఫెక్స్ అనే సైట్‌లో ఫారం నింపి డిగ్రీ, సిఫార్సు లేఖ, మీ గురించి ఒక వ్యాసం ఎక్కించాలి. ఎంపికైతే ముందు ప్రాంతం తెలుస్తుంది, తర్వాత స్కూల్ పేరుతో నియామక పత్రం వస్తుంది, దాన్ని కార్తా దె నోంబ్రమియెంతో అంటారు. ఆ కాగితం చేతికొస్తేనే వీసా పని కదులుతుంది. పోలీస్ క్లియరెన్స్ కావాలి, దానికి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర కావాలి, మళ్ళీ దాన్ని గుర్తింపు పొందిన అనువాదకుడితో స్పానిష్‌లోకి మార్పించాలి, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఇవి చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి, కాబట్టి నియామక పత్రం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మిగతావి ఎన్ని రోజులు చెల్లుతాయో చూసుకుని మొదలుపెట్టండి. అక్కడికి వెళ్ళాక ఊరి మునిసిపాలిటీలో ఇంటి అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఎంపద్రొనమియెంతో అంటారు. ఆ తర్వాత, దేశంలో దిగిన నెలలోపు, విదేశీయుల గుర్తింపు కార్డుకి అపాయింట్‌మెంట్, 790-012 అనే నంబరున్న ఫారం మీద బ్యాంకులో ఫీజు, ఫొటో, వేలిముద్రలు. కార్డు చేతికి రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. క్రిస్మస్ సెలవుల్లో దేశం దాటి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే వీసా గడువు అప్పటికే అయిపోయి కార్డు రాకపోతే తిరిగి రావడానికి ప్రత్యేకంగా ఒక అనుమతి పత్రం తీసుకోవాలి. నా రూమ్మేట్ ఆ విషయం డిసెంబర్ పదిహేనున తెలుసుకుంది. మీరు అక్టోబర్‌లోనే తెలుసుకోండి.

ఇక అసలు పని.

స్పెయిన్‌లో సినిమాలు, టీవీ సీరియళ్ళు దాదాపు అన్నీ స్పానిష్‌లోకి డబ్ చేసే వేస్తారు. అందువల్ల పిల్లలకి క్లాసులో తప్ప ఇంగ్లీష్ చెవిన పడదు. పుస్తకంలో ఖాళీలు నింపమంటే చకచకా నింపేస్తారు, "నిన్న ఏం చేశావు" అని అడిగితే నేలచూపులు చూస్తారు. ఈ సమస్య అక్కడి ప్రభుత్వాలకీ తెలుసు, అందుకే 1996లో బ్రిటిష్ కౌన్సిల్‌తో ఒప్పందం చేసుకుని ద్విభాషా స్కూళ్ళు మొదలుపెట్టారు, మాడ్రిడ్ ప్రాంతం 2004లో, ఆందలూసియా 2005లో సొంత పథకాలు తెచ్చాయి. ఆ స్కూళ్ళలో సైన్స్, సోషల్, కొన్నిచోట్ల డ్రాయింగ్, ఆటల క్లాసు కూడా కొంత ఇంగ్లీష్‌లో నడుస్తాయి. టీచర్లు స్పెయిన్ వాళ్ళే, వాళ్ళలో చాలామంది ఇలా పాఠం చెప్పడానికి కావాల్సిన ఇంగ్లీష్ పరీక్ష పెద్దయ్యాక కష్టపడి పాసైనవాళ్ళు. అక్కడ మన అవసరం వస్తుంది. మూడో తరగతి పిల్లలు మొక్క భాగాలు చదువుతుంటే వేరు, కాండం, ఆకు అని చెప్పించడం, నలుగురు నలుగుర్ని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడించడం, ఇదే పని.

నాది ప్రాథమిక పాఠశాల, మూడేళ్ళ పిల్లల నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ దాకా. ఉదయం తొమ్మిది నుంచి రెండు గంటల వరకు స్కూల్. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాకు క్లాసులు, సోమవారం సెలవు. పిల్లలు టీచర్లని పేరు పెట్టే పిలుస్తారు, మర్యాద తక్కువై కాదు, అక్కడ అంతే. ఆందలూసియాలో ఆడ టీచర్లని "సెన్యో" అంటారు. మొదటిరోజు గేటు దాటగానే ఆ సెన్యో, సెన్యో అనే కేకలు నా కోసమేనని అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

వెళ్ళే ముందు నా భయమంతా యాస గురించే. నేను మాట్లాడేది బ్రిటన్ ఇంగ్లీష్ కాదు, అమెరికా ఇంగ్లీష్ కాదు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని మొదటి వారం గొంతు మార్చి మాట్లాడటానికి కూడా ప్రయత్నించాను. నిజం చెప్పాలంటే అక్కడెవరికీ ఆ పట్టింపు లేదు. ఒక టీచర్ మాత్రం "ఇంట్లో కూడా ఇంగ్లీషేనా" అని అడిగింది, లేదు తెలుగు అన్నాను, అదేంటో చెప్పమంది, చెప్పాను, అయిపోయింది. పైగా మన భాష వల్ల నాకు ఒక లాభం కనిపించింది. స్పానిష్‌లో మనలా హ్రస్వం, దీర్ఘం తేడా లేదు. షిప్ అన్నా షీప్ అన్నా వాళ్ళ చెవికి ఒకటే, నోటికీ ఒకటే. ఐదో తరగతిలో రెండు వారాలు ఆ రెండు మాటల మీదే ఆగిపోయాం. ఓడ బొమ్మ చూపిస్తే గొర్రె అంటారు, గొర్రె బొమ్మ చూపిస్తే మళ్ళీ అదే అంటారు, కాదంటే మొహాలు చిన్నబోతాయి.

ఒకరోజు ఇంక ఏం తోచక బోర్డు మీద ఓడ పక్కన గుడి, గొర్రె పక్కన గుడిదీర్ఘం రాశాను. ఇదిగో ఈ గుర్తు ఇలా ముగిసిపోతే మాట పొట్టిది, చివర తోక తిరిగితే మాట పొడుగుది, తోక ఉన్నంతసేపు సాగదీయండి అన్నాను. తరగతి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది, తర్వాత ఇరవై నాలుగు మందీ నోట్‌బుక్కుల్లో గుడిదీర్ఘాలు గీయడం మొదలుపెట్టారు, కొందరు తోకని పేజీ చివరిదాకా లాగారు, లాగినంతసేపు షీ అంటూనే ఉన్నారు. ఆ తర్వాత నుంచి ఏ కొత్త మాట వచ్చినా వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "కొన్ కోలా ఓ సిన్ కోలా?" తోకతోనా, తోక లేకుండానా? మార్చిలో ఒకసారి వాళ్ళ క్లాస్ టీచర్, యాభై దాటిన ఆవిడ, స్టాఫ్ రూంలో తన పాఠం కాగితం నా ముందు పెట్టి, కొన్ని మాటల మీద తోకలు సరిగ్గా పెట్టానా చూడు అంది. పన్నెండు మాటల్లో పదింటికి సరిగ్గా పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇంకోటి కూడా గమనించాను. "స్కూల్" అనమంటే వాళ్ళు "ఎస్కూల్" అంటారు, స్పెయిన్‌ని "ఎస్పెయిన్" అంటారు, ముందు ఒక అచ్చు లేకపోతే వాళ్ళ నోరు కదలదు. మనలో ఇస్కూల్ అనే పెద్దవాళ్ళని వింటూ పెరిగినదాన్ని కాబట్టి అది నాకు తప్పులా వినిపించలేదు, ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది. పాములా బుసకొట్టించి, ఆ బుస ఆగకుండానే కూల్ అనిపించాను. పనిచేసింది.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టార్ గురించి. ఈ పని బాగుంటుందా లేదా అనేది పూర్తిగా మీకు దొరికే టీచర్ల మీద ఆధారపడి ఉంటుంది, అది ముందుగా తెలుసుకునే దారి లేదు. నా గంటల్లో కొన్ని పక్క ఊళ్ళోని ఇంకో స్కూల్లో వేశారు. అక్కడ ఒక టీచర్ నన్ను ఎనిమిది వారాలు క్లాసు వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. పాఠంలో ఇంగ్లీష్ మాట వచ్చినప్పుడు నా వైపు వేలు చూపిస్తుంది, నేను ఆ మాట పలకాలి, పిల్లలు తిరిగి అనాలి, అంతే. గంటలో పది మాటలు. టేప్‌రికార్డర్ చేసే పని అది. ఇంకో టీచర్ దానికి పూర్తిగా వ్యతిరేకం, నేను రాగానే ఫొటోకాపీలని చెప్పి వెళ్ళిపోయేవారు, ఇరవై ఆరు మంది పిల్లలతో నలభై నిమిషాలు నేనొక్కదాన్నే. అసిస్టెంట్‌ని క్లాసులో ఒంటరిగా వదలకూడదు, పిల్లల బాధ్యత, మార్కులు, క్రమశిక్షణ అన్నీ టీచర్‌వే, ఇది ఈ కార్యక్రమంలో స్పష్టంగా ఉన్న సంగతి. ఒకరోజు ఆటలో ఒక అబ్బాయి కిటికీ అంచుకి తల కొట్టుకుని రక్తం వచ్చింది, నాకున్న స్పానిష్‌తో వాళ్ళమ్మకి ఫోన్‌లో ఏం చెప్పాలో తెలియక చేతులు వణికాయి. చిన్న దెబ్బే, రెండు రోజుల్లో మానిపోయింది, కానీ ఆ మధ్యాహ్నమే నేను కోఆర్డినేటర్‌ని కలిసి టీచర్ లేని క్లాసులోకి ఇక వెళ్ళనని చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు, మర్నాటి నుంచే సరిచేసింది. ముందే చెప్పి ఉంటే ముందే సరయ్యేది. అందుకని మొదటి వారంలోనే మూడు సంగతులు మాట్లాడుకోండి: క్లాసులో మీరేం చేస్తారు, టీచర్ గదిలోనే ఉంటారా, పాఠం ఏమిటో ఒకరోజు ముందు చెప్తారా. నవ్వుతూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు అసిస్టెంట్‌ని ఎలా వాడుకోవాలో టీచర్లకి కూడా ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పితే ఈ పనికి నేను ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని. వెనక కుర్చీలో కూర్చున్న ఆ ఎనిమిది వారాలూ, గుడిదీర్ఘం వారాలూ ఒకే నెలల్లో, ఒకే స్టైపెండ్‌కి జరిగాయి. ఒకచోట పిల్లలు నోరు తెరిచారు, ఒకచోట తెరవలేదు, నాకు ఆ తేడా ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే రెండోచోట పిల్లలు ఏ విధంగానూ తక్కువవాళ్ళు కాదు.

పదకొండున్నరకి అరగంట విరామం. టీచర్లంతా ఎదురుగా ఉన్న బార్‌కి వెళ్తారు, బార్ అంటే అక్కడ కాఫీ, టిఫిన్ దొరికే చోటు. పాల కాఫీ, కాల్చిన బ్రెడ్ మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు. ఈ అరగంట మానకండి, దయచేసి. నేను మొదటి నెల స్టాఫ్ రూంలో ఒక్కదాన్నే కూర్చుని ఫోన్ చూసుకున్నాను, అనవసరంగా. వెళ్ళడం మొదలుపెట్టాక స్పానిష్ వచ్చింది, గ్రనాదాకి కారులో తీసుకెళ్ళేవాళ్ళు దొరికారు, ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు ఇల్లు దొరికింది. శాకాహారులకి ఒక మాట, మాంసం లేకుండా ఇవ్వండి అంటే చేప వేసిస్తారు, చేప కూడా వద్దంటే పంది మాంసం ముక్కలు సన్నగా తరిగి పైన చల్లుతారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కిందికి రాదు. ఏమేం తినరో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పండి. అప్పుడు బాగా చూసుకుంటారు, మా బార్ ఆయన నేను గుమ్మంలో కనిపించగానే టమాటా బ్రెడ్ కాల్చడం మొదలుపెట్టేవాడు.

భాష గురించి కూడా చెప్పాలి. నేను వెళ్ళే ముందు ఆరు నెలలు స్పానిష్ నేర్చుకున్నాను, దిగిన రోజు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆందలూసియా వాళ్ళు మాట చివరి సకారాన్ని మింగేస్తారు, గ్రాసియాస్ కాస్తా గ్రాసియా అయిపోతుంది, మాస్ ఓ మెనోస్ కాస్తా మా ఓ మెనో. డిసెంబర్ దాకా తల ఊపుతూ గడిపాను. జనవరిలో ఒకరోజు బస్సులో వెనక సీటువాళ్ళు అత్తగారి ఆపరేషన్ గురించి మాట్లాడుకుంటుంటే మొత్తం అర్థమైపోతోందని ఉన్నట్టుండి గ్రహించాను, దిగాల్సిన స్టాప్ దాటిపోయింది కూడా. స్కూల్లో మాత్రం పిల్లల ముందు స్పానిష్ రానట్టే ఉండాలి, తెలిసిందంటే ఇంక ఇంగ్లీష్‌లో ఎవరు మాట్లాడతారు.

ఇళ్ళ సంగతి. దక్షిణాన ఎండ అని నమ్మి స్వెటర్లు తక్కువ తెచ్చుకోకండి. హాయెన్ చలికాలం ఎముకలు కొరికేస్తుంది, ఇళ్ళు ఎండాకాలం కోసం కట్టినవి, పాలరాతి నేల, చాలా ఇళ్ళలో గదులు వేడి చేసే ఏర్పాటే ఉండదు. వాళ్ళ ఉపాయం ఏంటంటే గుండ్రటి బల్ల, దాని మీద నేలదాకా వేలాడే మందపాటి బట్ట, బల్ల కింద చిన్న కరెంటు కుంపటి. అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఆ బట్ట ఒళ్ళోకి లాక్కుంటారు, సాయంత్రాలన్నీ అక్కడే, భోజనం అక్కడే, పిల్లల హోంవర్క్ అక్కడే. నా మొదటి ఇల్లు ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి తీసుకున్నది, గోడలకి చెమ్మ, ఖాళీ చేస్తే యజమాని డిపాజిట్ తిరిగి ఇవ్వలేదు. చేతిరాత కాగితం కూడా లేదు కాబట్టి నేనేం చేయలేకపోయాను. మొదటి వారం హాస్టల్లో ఉండి, ఇల్లు కళ్ళతో చూసి, కాగితం రాసుకున్నాకే డబ్బులివ్వండి. రెండో ఇల్లు స్కూల్ వంటావిడ వాళ్ళ అక్కది, ఆ గుండ్రటి బల్ల ఉన్న ఇల్లు. తొమ్మిదిన్నరకి రాత్రి భోజనం అలవాటు కావడానికి నెల పట్టింది.

జనవరి 30 గురించి చెప్పకుండా ఉండలేను. ఆ రోజు స్పెయిన్ స్కూళ్ళన్నీ శాంతి, అహింసల దినం జరుపుకుంటాయని నాకు తెలియదు. ల్యొరెన్స్ విదాల్ అనే మయోర్కా ద్వీపం ఉపాధ్యాయుడు 1964లో మొదలుపెట్టాడట, గాంధీ పోయిన రోజునే ఎంచుకున్నాడు. వారం ముందు నుంచీ నడవల నిండా పావురాలు, వాటి మధ్యలో గాంధీ బొమ్మలు, కళ్ళజోడు గుండ్రంగా గీసి ఉన్నాయి. డైరెక్టర్ గారు నన్ను పిలిచి, ఆ రోజు అంతా వాకిట్లో నిలబడ్డప్పుడు ఆయన గురించి రెండు మాటలు ఇంగ్లీష్‌లో చెప్పమన్నారు. ఎంత తేలిక మాటలు రాసుకున్నా గొంతు పట్టేసింది, అంత దూరంలో, ఆలివ్ తోటల మధ్య ఊళ్ళో, మూడేళ్ళ పిల్లలు కాగితపు పావురాలు పట్టుకుని ఆయన పేరు అంటుంటే ఎవరికైనా పట్టేస్తుంది. అయిపోయాక మొదటి తరగతి పాప ఒకతి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆయన మీ తాతగారా అని ఇంగ్లీష్‌లోనే అడిగింది. అక్టోబర్ నుంచి ఆ పాప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఏం జవాబిచ్చానో సరిగ్గా గుర్తులేదు, తను అడిగిన వాక్యం మాత్రం గుర్తుంది, వ్యాకరణం కూడా తప్పులేదు.

ఫిబ్రవరి 28 ఆందలూసియా దినం, దానికి ముందురోజు స్కూల్లో అందరికీ బ్రెడ్డూ, కొత్త ఆలివ్ నూనే. హాయెన్ జిల్లాలో ఆలివ్ చెట్లు ఆరు కోట్లకి పైనే, కొండలన్నీ దువ్వినట్టు వరుసలు. నవంబర్ నుంచి కోతలు, శనాదివారాలు పిల్లలు కూడా ఇంట్లోవాళ్ళతో తోటకి వెళ్తారు, సోమవారం నిద్రమొహాలతో వస్తారని టీచర్లు చెప్పేవాళ్ళు. ఆ నెలల్లో ఊరంతా ఒక ఘాటు పచ్చి వాసన. వాటి గురించి మాట్లాడమంటే పిల్లలు ఆగరు, నాకు రాని మాటలు వాళ్ళే స్పానిష్‌లో చెప్పి, ఇంగ్లీష్‌లో ఏమంటారో వెతికి పెట్టమనేవాళ్ళు. పుస్తకంలో లండన్ బస్సుల పాఠం కంటే వాళ్ళ తోట గురించి అడిగిన రోజే ఎక్కువ ఇంగ్లీష్ వినిపించింది.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు? డబ్బు వెనకేసుకోవాలంటే ఇది కాదు. యూరప్‌లో స్థిరపడే దారి అనుకుంటే కూడా కాదు, చాలామంది అదే ఆశతో వచ్చి రెండో ఏడాది నిరాశపడటం చూశాను. పిల్లల గోల భరించలేనివాళ్ళు, ప్రతిదీ ముందే రాసి ఉండాలనుకునేవాళ్ళు వద్దు. ఏడాది పాటు ఒక కొత్త ఊళ్ళో ఉండి, భాష నేర్చుకుని, పిల్లలతో పనిచెయ్యడం తమకి నప్పుతుందో లేదో చూసుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి అవకాశం నాకు తెలియదు. ప్రైవేటు సంస్థలు కూడా ఇలాంటి పనులు ఇప్పిస్తాయి, కొన్నింటిలో గంటలు ఎక్కువ, డబ్బూ ఎక్కువ, కొన్ని ముందుగా ఫీజు అడుగుతాయి. ఫీజు కట్టే ముందు ఆ డబ్బుకి వాళ్ళేం చేస్తారో ఒక్కొక్కటీ రాయించుకోండి.

ఊరు ఎంచుకునేటప్పుడు పెద్ద నగరం, పట్టణం, పల్లె అని ఫారంలో అడుగుతారు. అందరూ నగరమే అడుగుతారు, నేనూ అడిగాను, దొరకలేదు, ఆ రోజు ఏడ్చాను. చిన్న ఊళ్ళో అసిస్టెంట్ ఒక్కరే ఉంటారు కాబట్టి అందరూ మీతో మాట్లాడతారు, మీకు వాళ్ళ భాష తప్ప దిక్కుండదు, అద్దె తక్కువ. బస్సులు మాత్రం రోజుకి మూడో నాలుగో, ఆదివారం ఒక్కటే, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా దుకాణాలన్నీ మూసే ఉంటాయి, మందుల షాపు కూడా. జ్వరం మాత్రలు ముందే కొనిపెట్టుకోండి.

ఒకసారి చేసినవాళ్ళు మళ్ళీ పెట్టుకోవచ్చు, రెన్యువల్ వాళ్ళని ముందు చూస్తారు. నేను పెట్టాను. ఈసారి ఊరు ఎలాంటిది కావాలన్న చోట పల్లె అన్న గడిలోనే టిక్ పెట్టాను.